ఒకే గింజ, రెండు కడుపులు

వానకాలపు మక్క పంట చేతికి వచ్చు దినములలో మల్లాపూర్ పరిసరములందు రోడ్ల అంచులు పసుపుపచ్చగా మారును. కల్లము చాలని రైతులు గింజలను తారు రోడ్డు మీదనే ఆరబోయుదురు. ఆ కుప్పల చుట్టు కోళ్లు చేరును. కాపలా కూర్చున్న ముసలమ్మ కట్టెపుల్లతో అదిలించుచునే యుండును గాని, కోడి నాలుగు గింజలు మ్రింగినదని కంగారుపడదు. అదే కుప్ప మీద గొఱ్ఱె పడినచో ఇంటిల్లిపాదియు పరుగెత్తవలసినదే. "జీవాలు మక్కల్ల పడ్డయే, జల్ది రాండ్రి" అను కేకలో గింజలు పోవునన్న బాధ తక్కువ. తెల్లవారుసరికి జీవమే పోవునన్న భయము ఎక్కువ.

కోడికి బలమిచ్చు గింజ గొఱ్ఱెకు విషమెట్లగును? గింజలో విషమేమియు లేదు. భేదమంతయు కడుపుల నిర్మాణములో నున్నది. ఈ భేదమును తెలిసికొన్నచో, చిన్న సేద్యగాని ఇంటిలో ఈ రెండు జాతుల జంతువులను కలిపి యెందుకు పెంచుచున్నారో, ఆ పెంపకములో ఏ యపాయములు పొంచియున్నవో కూడ చాలవరకు బోధపడును.

మల్లాపూర్ జగిత్యాల జిల్లాలో, మెట్‌పల్లి, కోరుట్ల పట్టణములకు సమీపమున నున్న మండల కేంద్రము. 2016 అక్టోబరు వరకు ఈ ప్రాంతము కరీంనగర్ జిల్లాలోనిది. వరి, మక్క, పసుపు ఇచ్చటి ముఖ్యమైన పైరులు. ఇచ్చట రెండెకరముల భూమి, ఇరువది గొఱ్ఱెలు, పది పన్నెండు కోళ్లు గల ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును. ప్రొద్దున తండ్రి జీవాలను తోలుకొని పోవును. తల్లి పొలము పనికి పోవుచు కోళ్ల గంప తీయును. నాయనమ్మ గ్రుడ్ల లెక్క చూచును. బడి నుండి వచ్చిన పిల్లలు మునిమాపువేళ కోళ్లను గంప క్రిందకు చేర్తురు. పంట సొమ్ము ఏడాదికి ఒకటి రెండు మార్లు వచ్చును; వచ్చినది వచ్చినట్లు ఎరువుల బాకీకి, విత్తనముల బాకీకి పోవును. ఆసుపత్రి ఖర్చు, కాలేజీ ఫీజు వంటి పెద్ద అవసరము తటస్థించినప్పుడు పొట్టేలు నమ్ముదురు. నోటుపుస్తకము, ఉప్పు, పప్పు వంటి వాటికి గ్రుడ్లు, కోళ్లు చాలును. కనుక ఒక్క రాత్రిలో రెండు గొఱ్ఱెలు చనిపోవుటయనగా ఆ ఇంటిలో ఒకరి చదువు ఆగిపోవుట కావచ్చును.

ఇక కడుపుల సంగతి. మక్క గింజ బరువులో సుమారు 70 శాతము పిండిపదార్థమే. కోడికి దంతములు లేవు. అది మ్రింగిన గింజ మొదట మెడ క్రింది సంచిలో నిలిచి నానును. అచ్చటినుండి జీర్ణరసములతో కలిసి కందనకాయను చేరును. కందనకాయ దళసరి కండరముతో చేయబడిన తిరుగలి. కోడి అప్పుడప్పుడు ఏరుకొని మ్రింగిన ఇసుక, గులకరాళ్లు అందు తిరుగలి రాళ్ల పని చేయును. అచ్చట నలిగిన పిండిని ప్రేగులోని రసములు చక్కెరగా మార్చును, రక్తము దానిని గ్రహించును. ఈ పనియంతయు కోడి తన సొంత రసములతోడనే చేసికొనుచున్నది.

గొఱ్ఱె సంగతి అట్లు కాదు. దాని కడుపు నాలుగు అరలు గలది. అందు మొదటిదియు, అన్నిటికంటె పెద్దదియు అగు ప్రథమామాశయము జీర్ణరసములు స్రవించునది కాదు. అది పులియబెట్టు కుండ. కోట్లకొలది సూక్ష్మజీవులు అందు నివసించుచు, గడ్డిలోని పీచుపదార్థమును కొరికి కొరికి ఆమ్లములుగా మార్చును. మానవుని ప్రేగు అరిగించుకొనజాలని పీచును గొఱ్ఱె అరిగించుకొనుచున్నదనగా, నిజమునకు అరిగించునది గొఱ్ఱె కాదు, దాని కడుపులోని అతిథులు. అందు పుట్టిన ఆమ్లములను గోడలు పీల్చుకొనును. నెమరువేయునప్పుడు విస్తారముగా ఊరు లాలాజలము క్షారగుణము కలదగుటచే మిగిలిన పులుపును విరుచును. ఈ రెంటి వలన కుండలోని పి.హెచ్. 6కును 7కును మధ్య నిలిచియుండును.

ఇట్టి కుండలో ఒక్కసారిగా శేరు మక్కలు పడినవనుకొనుడు. పీచును తిను సూక్ష్మజీవులు మెల్లగా పనిచేయునవి. పిండిని తినునవి వేగముగా పెరుగునవి. కొన్ని గంటలలో రెండవ తెగ విపరీతముగా వృద్ధిచెంది, పాలను పెరుగుగా పులియజేయు లాక్టికామ్లమునే కుండనిండ తయారుచేయును. ఈ ఆమ్లము మిగిలినవాటికంటె తీవ్రమైనది. పి.హెచ్. 5కంటె తగ్గిపోవును; గడ్డిని అరిగించు సూక్ష్మజీవులు చచ్చును; నెమరు ఆగును; నెమరు ఆగుటచే లాలాజలమును ఆగును, అనగా విరుగుడు కూడ పోయినట్లే. అంతటితో ఆగక, కడుపులోని ద్రవము చిక్కనగుటచే రక్తములోని నీరు అభిసరణము వలన కడుపులోనికి చేరును. గొఱ్ఱె కడుపు నీటితో ఊగిసలాడుచుండును గాని దేహము ఎండిపోవుచుండును. కన్నులు లోతుకు పోవును, నడక తూలును, ఒకటి రెండు దినములలో చనిపోవును.

పిండి పట్టించిన మక్క పూర్తి గింజకంటె అపాయకరము. మెత్తనిదానిని సూక్ష్మజీవులు త్వరగా పట్టుకొనును. కోళ్లకు కలిపి యుంచిన దాణా గిన్నె గొఱ్ఱెల దొడ్డి ప్రక్కన ఉంచరాదని పెద్దలు చెప్పుటకు కారణమిదియే. పడిన జీవమును వెంటనే గింజల నుండి మరల్చి, ఎండుగడ్డి మాత్రమే వేసి, పశువైద్యుని పిలువవలెను. తినేసోడా నీటిలో కలిపి త్రాగించుట కూడ ఆ పులుపును విరుచుటకే, కాని మోతాదు వైద్యుడు చెప్పవలసినది. ఆశ్చర్యమేమనగా, అదే గొఱ్ఱెకు రోజుకు కొంచెము కొంచెముగా పెంచుచు రెండు మూడు వారములలో గింజలను అలవాటు చేసినచో ఏ బాధయు ఉండదు. కుండలోని జనాభా మారుటకు అంత కాలము కావలెను. పొట్టేళ్లను బలిపించువారు చేయునది ఇదియే.

విదేశములలో, ముఖ్యముగ బ్రిటను, ఆస్ట్రేలియా, అమెరికాలలో, చిన్న కమతముల వారు కొందరు కోళ్లతోపాటు ఆల్పాకాలను పెంచుచున్నారు. ఆల్పాకా ఒంటె కుటుంబమునకు చెందిన చిన్న జంతువు. పెరూ దేశపు ఆండీస్ పర్వతములలో 3,500 మీటర్లకు పైబడిన పచ్చిక మైదానములు దాని స్వస్థలము. వికూన్యా అను అడవి జంతువునుండి అచ్చటి ప్రజలు దానిని మచ్చిక చేసికొని 6,000 ఏండ్లకు పైగా అయినది. దాని కడుపునకు నాలుగు అరలు లేవు, మూడే. అయినను పులియబెట్టు పద్ధతి గొఱ్ఱెదే, కనుక గింజల అపాయమును గొఱ్ఱెదే. మంద అంతయు ఒక నిర్ణీత స్థలములోనే పేడ వేయుట దాని యలవాటు. ఎరువు నెత్తుకొనువారికి ఇంతకంటె సుఖము లేదు. కుక్కలను, నక్కలను చూచి బెదరక తరుమునని కొందరు దానిని కోళ్లకు కాపలాగా కూడ విడుచుచున్నారు.

అట్టి జంతువు మల్లాపూర్‌లో ఉండరాదా అని విద్యార్థి అడిగినచో, మొదటి జవాబు ఎండ. మే నెలలో 45 డిగ్రీలకు చేరు ఈ గడ్డ మీద, చలి పర్వతముల కొరకు ఏర్పడిన ఉన్నికోటు మోయుట సులభము కాదు. రెండవ జవాబు లెక్క. ఆల్పాకా పదకొండు నెలలకు పైగా గర్భము మోసి ఒక్క పిల్లను ఈనును. గొఱ్ఱెకు ఐదు నెలలు చాలును. ఏటేట పిల్లలనమ్మి బ్రదుకు ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. జంతువును ఓడ యెక్కించినంత మాత్రమున దాని సేద్యము వెంటరాదనుటకు ఒక పాత ఉదాహరణము కలదు. చార్లెస్ లెడ్జరు అను ఆంగ్లేయుడు దక్షిణ అమెరికా నుండి ఎగుమతి నిషేధమును తప్పించుకొని ఆల్పాకాలను, లామాలను కొండదారులలో ఏండ్ల తరబడి నడిపించి, 1858లో ఓడ మీద సిడ్నీ చేర్చెను. రెండువందలకు పైగా జంతువులు దిగినవి. కాని కొలది ఏండ్లలోనే ఆ మంద చెదరిపోయి, పరిశ్రమ వేరూనలేదు. ఆస్ట్రేలియాలో ఆల్పాకాలు నిలద్రొక్కుకొనినది 1980ల తరువాతనే.

తెలంగాణమున ఆల్పాకా స్థానము దక్కని గొఱ్ఱెది. నల్లని ఒళ్లు, పొడవైన కాళ్లు, ముతక ఉన్ని గల ఈ జాతి మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ మెట్టభూములలో పుట్టి పెరిగినది. దినమునకు మైళ్లకొలది నడచి, తుమ్మకాయ, మోడుబారిన గడ్డి తిని బ్రతుకగలదు. ఏడాదికి రెండుమార్లు కత్తిరించిన ఉన్నితో కురుమలు గొంగడి నేయుదురు. పడుగునకు చింతగింజల గంజి పెట్టుట ఈ నేతలోని విశేషము.

ఉన్ని వెంట్రుక కెరటిను అను మాంసకృత్తుతో ఏర్పడినది. గోరు, కొమ్ము, కోడి యీక కూడ ఈ తెగ పదార్థములే. సూక్ష్మదర్శినిలో చూచినచో వెంట్రుక మీద పెంకుటిండ్ల కప్పువలె పొలుసులు కనబడును. ఈ పొలుసుల పైపొర నూనెగుణము కలది, అందుచే వాన చుక్క జారిపోవును. కాని లోపలిభాగము గాలిలోని తేమను పీల్చుకొనును. తన బరువులో మూడవవంతు వరకు తేమను పీల్చుకొనియు ఉన్ని తడిసినట్లు తోచదు. పీల్చుకొనునప్పుడు కొంత వేడి కూడ పుట్టును. జడివానలో గొంగడి కప్పుకొని చేను గట్టున నిలబడిన కాపరికి వెచ్చగా నుండుట ఇందువలననే. ఆల్పాకా వెంట్రుక మిక్కిలి సన్నము, పొలుసులు అణగియుండును, కనుక మెత్తన. దక్కని ఉన్నిలో అనేక వెంట్రుకలకు మధ్య గుల్ల యుండును, కనుక ముతక, గుచ్చుకొనును. మెడకు చుట్టుకొను శాలువకు పనికిరాదు. నేల మీద పరచుటకు, వానకు కప్పుటకు దానిని మించినది లేదు.

అయినను నేడు ఆ ఉన్నికి ధర లేదు. కత్తిరించినవాని కూలికి కూడ చాలక, దానిని పారవేయువారు కలరు. మిల్లు దుప్పట్లు వచ్చినవి. మాంసమునకు గిరాకి పెరుగుటచే, ఉన్ని లేని, ఎత్తైన నెల్లూరు జాతి పొట్టేళ్లను మందలలో కలిపిరి. రెండు మూడు తరములలో ఉన్ని పోయి వెంట్రుక మిగిలెను. 2017లో రాష్ట్ర ప్రభుత్వము గొల్ల, కురుమ కుటుంబములకు 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతము రాయితీ మీద పంచు పథకమును ప్రారంభించెను. 2019 పశుగణనలో తెలంగాణములో గొఱ్ఱెల సంఖ్య ఒక కోటి 90 లక్షలు దాటి దేశములో మొదటి స్థానమున నిలిచెను. సంఖ్య పెరుగుట సంతోషమే. కాని కాపరి ఎక్కువ తూగు పొట్టేలును కోరుకొనుటను తప్పుపట్టకయే, ఎండను, నడకను, కరవును తట్టుకొనగల దక్కని లక్షణములు కలగలుపులో కరిగిపోవుచున్నవని చెప్పక తప్పదు. అవి ఒకసారి పోయినచో తిరిగి కూర్చుట ఏండ్ల పని.

మేతభూమి సంగతియు మారినది. శ్రీరాంసాగరు ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగెను. తరువాత దాని కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములగుండ ప్రవహించెను. ఒక పంట పండిన చోట రెండు పండుచున్నవి. గొఱ్ఱెకు మాత్రము బీడు తగ్గెను, తడినేల పెరిగెను. తడినేలలో కాలిగిట్టలు చెడును. నీటి నత్తలలో పెరిగి, తడి గడ్డి మీదకు చేరి, గొఱ్ఱె కడుపులో పడి, కార్జములో స్థిరపడు జలగ పురుగు ఇట్టిచోటనే విజృంభించును. కాలువ గట్టున పచ్చగా కనబడు గడ్డి మీదకు ప్రొద్దుటిపూట మందను తోలరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఏడాదికి రెండు మార్లు పురుగుమందు త్రాగించుట అవసరము. తొలకరి లేతగడ్డి కాలములో వచ్చు చిటుక రోగమునకు టీకా వానలకు ముందే వేయించవలెను. ఆ రోగము బక్కవాటిని కాదు, బలిసిన పిల్లలనే ముందు పొట్టన పెట్టుకొనును. కారణము పైన చెప్పినదే: ఒక్కసారిగా దొరికిన మంచి మేత మీద ప్రేగులోని ఒక సూక్ష్మజీవి విపరీతముగా పెరిగి విషము పుట్టించుట.

కోడి కథ దీనికి భిన్నము. నాటుకోడి పెట్ట పది పదునైదు గ్రుడ్లు పెట్టి ఆగిపోవును, మెడ యీకలు నిక్కబొడుచుకొని గంప వదలదు. పిట్యూటరీ గ్రంథి స్రవించు ప్రొలాక్టిను ఇందుకు కారణము. 21 దినములు పొదిగి, తరువాత రెండు నెలలు పిల్లలను త్రిప్పి, మరల గ్రుడ్డుకు వచ్చును. అందుచే ఏడాదికి 40 నుండి 60 గ్రుడ్లకు మించవు. పొదుగును మాన్పుటకు పెట్టను నీళ్లలో ముంచు ఆచారము పల్లెలలో నున్నది. వేడెక్కిన రొమ్ము చల్లబడినచో పొదుగు కోరిక తగ్గునను మాటలో కొంత నిజము లేకపోలేదు.

హైదరాబాదు శివార్లలోని రాజేంద్రనగరులో కేంద్ర ప్రభుత్వపు కోళ్ల పరిశోధన సంస్థ కలదు. పెరటి పెంపకము కొరకు ఆ సంస్థ వనరాజా, గ్రామప్రియ అను కోళ్లను రూపొందించెను. వనరాజా పెట్ట పెరటిలో ఏడాదికి నూరు గ్రుడ్లకు పైగా పెట్టగలదు. గ్రామప్రియ ఇంకను ఎక్కువ. రంగురంగుల యీకలు గలవి కనుక తెల్లకోడివలె దూరమునుండియే గద్దకంట పడవు. అయినను ఇవి పొదుగవు. పొదుగు గుణమును తగ్గించుట వలననే గ్రుడ్లు పెరిగినవి. కావున ప్రతి విడతకు పిల్లలను బయటనుండి కొనవలెను. ఒళ్లు బరువగుటచే కుక్క తరిమినప్పుడు నాటుకోడివలె ఎగిరి చెట్టెక్కలేవు. వివేకము గల ఇల్లాలు రెండు తెగలనుంచుకొనును: ఒకటి గ్రుడ్లకు, ఒకటి పొదుగునకు.

గ్రుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల ఖటికము, అనగా కాల్షియము, కలదు. ఇరువది గంటలలో, ఎక్కువభాగము రాత్రివేళ, ఆ పెంకు తయారగును. మేతలోని ఖటికము చాలనప్పుడు పెట్ట తన యెముకలలో ప్రత్యేకముగా దాచుకొన్నదానిని కరిగించి వాడుకొనును. మట్టిగోడకు కొట్టిన సున్నమును కోడి పొడుచుచుండుట పిల్లలు చూచియే యుందురు. అది పొగరు కాదు, ఆకలి. నత్తగుల్లలు, ఎండబెట్టి నలిపిన గ్రుడ్డు పెంకులు వేసినచో గోడ దక్కును.

వేసవిలో మేత బాగుగనే యున్నను పెంకు పలుచబడును. కోడికి చెమట గ్రంథులు లేవు. దేహపు వేడి 41 డిగ్రీలకు పైన. బయటి ఎండ ముదిరినప్పుడు నోరు తెరచి రొప్పి, గొంతులోని తడిని ఆవిరిచేసి చల్లబడును. రొప్పునప్పుడు రక్తములోని బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటకు పోవును. పెంకు సున్నపురాతి పదార్థమే. అందు ఖటికముతో కూడుటకు ఈ వాయువే మూలము. వాయువు తగ్గినచో పెంకు తగ్గును. ఉపాధ్యాయులు తరగతిలో గ్రుడ్డును వెనిగరులో వేసి చూపవచ్చును. పెంకునుండి బుడగలుగా లేచునది ఆ వాయువే. నీడలో మట్టిమూకుడుతో చల్లని నీళ్లుంచుట ఈ కాలములో మేతకంటె ముఖ్యము.

ఇన్ని చేసినను ఒక రోగము మొత్తము గంపను ఖాళీ చేయగలదు. పల్లెలలో కొక్కెర రోగమని పిలుచు ఈ వ్యాధిని 1926లో జావా దీవిలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను గుర్తించిరి. మరుసటి ఏడు కుమావూను కొండలలోని రాణీఖేతులో కనబడుటచే భారతదేశములో రాణీఖేతు వ్యాధియని పేరుపడినది. ఇది వైరసు వలన కలుగును. కోడి ముడుచుకొని కూర్చుండును, పచ్చగా పారును, నోరు తెరచి గాలి పీల్చును, మెడ మెలిపడును. టీకా లేని మందలో పదింట తొమ్మిది చనిపోవుట కలదు. మందు లేదు. మొదటి కోడి తూలగానే మిగిలినవాటిని సంతకు తీసికొనిపోయి అమ్ముకొనువారున్నారు. చిల్లర ఖర్చుకు ఆ కోళ్లు తప్ప వేరు దిక్కు లేని ఇంటి తొందర అర్థము చేసికొనదగినదే. కాని ఆ గంపతోపాటు వైరసు కూడ సంతకు పోయి, సాయంకాలమునకు పది ఊళ్లు చేరును.

టీకా ఉన్నది, వెల స్వల్పము. మొదటి వారములో పిల్ల కంటిలో ఒక చుక్క లసోటా. ఆరు ఎనిమిది వారములకు ఆర్‌.2.బి. సూది. చిక్కు మరియొకచోట నున్నది. ఈ టీకాలోని వైరసు సజీవము. 2 నుండి 8 డిగ్రీల చలిలో నుంచవలెను. బుడ్డి నూరు మోతాదులది. కలిపిన తరువాత రెండు గంటలలో వాడవలెను. పది కోళ్లున్న ఇల్లాలు నూరు మోతాదుల బుడ్డి తెచ్చుకొని ఏమిచేయును? వేడిని కొంత తట్టుకొనగల ఐ-2 అను టీకా రకమును ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయములో రూపొందించిరి. ఆఫ్రికా, ఆసియా దేశముల పల్లెలలో దానిని వాడుచున్నారు. అది లేనిచోట ఉపాయము ఒక్కటే. పది ఇండ్లు కూడి ఒకే దినమున వేయించుకొనుట. అప్పుడు బుడ్డి వృథాపోదు. అంతకంటె ముఖ్యముగ, వీధి మొత్తము ఒకేసారి రక్షణ పొందుటచే వైరసుకు నిలువ చోటు తగ్గును.

ఆ పని ఎండ ముదరక మునుపే, మార్చి నాటికి ముగించుట మేలు. వేళ తెల్లవారుజామే కావలెను, కోళ్లు గంపల క్రింద నుండగనే. విడిచిన తరువాత వాటిని పట్టుట ఊరిలో ఎవరి తరమును కాదు. ముందునాడు పెద్ద తరగతుల పిల్లలు ఇల్లిల్లు తిరిగి కోళ్ల లెక్క వ్రాసికొందురు. ఐసుముక్కల డబ్బాలో టీకా వచ్చును. ఒకరు గంప ఎత్తి పట్టుకొందురు, ఒకరు కాళ్లు పట్టి అందింతురు, ఒకరు రెక్క క్రింద సూది వేయుదురు. టీకా పడిన కోడికి కాలికి రంగునూలు కట్టి విడుతురు. మిగిలిన టీకాను మరిగించి పారబోయుదురు. విడిచిన కోళ్లు ఒళ్లు దులుపుకొని, గొఱ్ఱెల దొడ్డిలో రాత్రి పడిన పెంట మీదకు పోయి, పురుగుల కొరకు కాలితో చిమ్మ మొదలిడును.